బేర్ లేక్ నుంచి ఎమరాల్డ్ లేక్ దాకా: మూడు సరస్సుల దారి నడవడం ఎలా

కొలరాడోలో రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకు వెళ్లిన మనవాళ్లు చాలామంది ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీద కారు తిప్పి, పైన చలిగాలిలో నాలుగు ఫొటోలు దిగి, మళ్లీ డెన్వర్ దారి పడతారు. కారు దిగి నడవడానికి మీకు ఒక్క పూటే ఉంటే దాన్ని బేర్ లేక్ నుంచి ఎమరాల్డ్ లేక్‌కు పోయే కాలిబాటకే ఇవ్వండి. దారిలో నింఫ్ లేక్, ఆ తర్వాత డ్రీమ్ లేక్, చివర ఎమరాల్డ్ లేక్. రానూపోనూ కలిపి ఐదున్నర కిలోమీటర్లు, అంటే అటూ ఇటూగా మూడున్నర మైళ్లు. ఎక్కాల్సింది ఆరు వందల అడుగులకు కాస్త ఎక్కువ.

అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి దర్శనం చేసుకొచ్చినవాళ్లకు ఈ అంకెలు చూస్తే నవ్వొస్తుంది. నవ్వేముందు ఇంకో అంకె చూడండి. తిరుమల కొండ పైభాగం సముద్రమట్టానికి మూడు వేల అడుగుల చుట్టుపక్కల ఉంటుంది. ఈ దారి మొదలయ్యేదే 9,475 అడుగుల దగ్గర. చివరికొచ్చేసరికి పది వేలు దాటతారు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంతో పోలిస్తే 70 శాతమే. ఎంత గట్టిగా పీల్చినా లోపలికి పోయే ఆక్సిజన్ ఆ మేరకు తక్కువే. అందుకే ఇక్కడ జనాన్ని సగంలో వెనక్కి తిప్పేది కాళ్ల నొప్పి కాదు. ఒకటి ఎత్తు, రెండోది గడియారం. కింద చెప్పేదంతా ఈ రెండింటి చుట్టూనే.

ఎప్పుడు వెళ్లాలి

జులై మొదటి వారం నుంచి సెప్టెంబర్ చివరి దాకా బాట చాలావరకు పొడిగా ఉంటుంది. పిల్లలకు బడి సెలవులు ఇచ్చారు కదా అని జూన్ మొదట్లో వెళ్తే డ్రీమ్ లేక్ దగ్గర నీడ పడే చోట్ల ఇంకా మంచు పేరుకుని ఉంటుంది. పగలు పైపైన కరిగి, రాత్రి గడ్డకట్టి, తెల్లారేసరికి గాజుపలకలా తయారవుతుంది. మామూలు బూట్లతో దాని మీద నడవలేరు.

సెప్టెంబర్ చివరి రెండు వారాలు వేరే అందం. ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపు ముద్దల్లా మారతాయి, ఎల్క్ అనే పెద్ద జింకల్లో మగవి ఈల వేసినట్టు అరుస్తుంటాయి. ఆ అరుపు మొదటిసారి వింటే అంత పెద్ద జంతువు గొంతులోంచి వచ్చిందంటే నమ్మలేరు. జనం కూడా ఆ వారాల్లోనే విరగబడతారు. కుదిరితే మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి ఎంచుకోండి. పార్కు ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది, బేర్ లేక్ రోడ్డు కూడా అంతే. చలికాలం సంగతి చివర్లో విడిగా చెప్తాం.

అనుమతి: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే

మే చివరి వారం నుంచి అక్టోబర్ సగం దాకా ఈ పార్కుకు రెండు చీటీలు కావాలి. ఒకటి మామూలు ప్రవేశ రుసుము. రెండోది టైమ్డ్ ఎంట్రీ రిజర్వేషన్, అంటే ఏ రోజు ఏ రెండు గంటల మధ్య గేటు దాటతారో ముందే బుక్ చేసుకోవడం. వార్షిక పాసు ఉంటే రెండోది అక్కర్లేదనుకుంటారు. అది వేరు, ఇది వేరు. రెండూ ఉండాలి.

ఈ టైమ్డ్ ఎంట్రీలో మళ్లీ రెండు రకాలు. ఒకటి బేర్ లేక్ రోడ్డుకు కూడా చెల్లుతుంది, ఇంకొకటి ఆ రోడ్డు తప్ప మిగతా పార్కుకు చెల్లుతుంది. బుకింగ్ పేజీలో రెండూ పక్కపక్కనే, దాదాపు ఒకేలా కనిపిస్తాయి. హడావుడిలో రెండోది కొనుక్కుని, గేటు దాటి సంతోషంగా వచ్చాక, బేర్ లేక్ రోడ్డు మొదట్లో మళ్లీ తనిఖీ చేసేవాళ్లు ఆపి వెనక్కి పంపుతారు. డబ్బు కట్టేముందు పేరులో ‘బేర్ లేక్ రోడ్’ అన్న మాట ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చదవండి. ఈ రోడ్డుకు ఉదయం 5 నుంచి సాయంత్రం 6 దాకా అనుమతి అవసరం. మిగతా పార్కుకైతే 9 నుంచి 2 దాకానే.

బుకింగ్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో జరుగుతుంది, ఒక్కో కారుకు 2 డాలర్లు, తిరిగి ఇవ్వరు. నెల మొదటి తారీఖున మౌంటెన్ టైమ్ ప్రకారం ఉదయం 8 గంటలకు వచ్చే నెల తేదీలు తెరుచుకుంటాయి. ఆగస్టులో వెళ్లాలంటే జులై 1న కూర్చోవాలి. డాలస్‌లో ఉంటే మీకది 9, న్యూజెర్సీలో 10, కాలిఫోర్నియాలో 7. ఈ తేడా మర్చిపోయి గంట ఆలస్యంగా తెరిచేసరికి శనివారం పొద్దుటి వేళలన్నీ ఖాళీ అయిపోయి ఉంటాయి. పది నిమిషాల ముందే లాగిన్ అయి, కార్డు వివరాలు ఖాతాలో పెట్టుకుని సిద్ధంగా ఉండండి.

అప్పుడు దొరక్కపోయినా చేతులెత్తేయక్కర్లేదు. కొంత కోటా విడిగా అట్టిపెట్టి ముందు రోజు సాయంత్రం 7 గంటలకు విడుదల చేస్తారు. అదీ కొన్ని నిమిషాల్లోనే అయిపోతుంది, కానీ దొరుకుతుంది. ఇక ఏ అనుమతీ లేకుండా వెళ్లే దారి ఒకటుంది: తెల్లవారి 5 లోపు గేటు దాటేయడం. నిజానికి అదే అన్నిటికన్నా మంచి దారి. కారణం కింద వస్తుంది.

రుసుము సంగతి. కారుకు ఒక రోజు పాసు 30 డాలర్లు, ఏడు రోజులది 35, దేశమంతటి నేషనల్ పార్కులకూ చెల్లే వార్షిక పాసు అమెరికా నివాసులకు 80. గేటు దగ్గర నగదు తీసుకోరు, కార్డు ఉండాలి. నాలుగో తరగతి చదివే పిల్లలుంటే వాళ్ల పేరున ఉచిత పాసు వస్తుంది, ఆ కారులో ఉన్న కుటుంబమంతటికీ అది చాలు. 2026 జనవరి నుంచి ఇంకో మార్పు వచ్చింది. ఈ పార్కుతో కలిపి పదకొండు పార్కుల్లో, అమెరికా నివాసులు కానివాళ్లకు 16 ఏళ్లు నిండితే తలకు 100 డాలర్లు అదనం. నివాసులు కానివాళ్ల వార్షిక పాసు 250 డాలర్లు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, అత్తమామల్ని తీసుకెళ్తుంటే ఏది కొంటే గిట్టుబాటో పార్కు రుసుముల పేజీ చూసి ఇంట్లోనే లెక్క వేసుకోండి. మీరు అమెరికా నివాసులని చూపడానికి డ్రైవింగ్ లైసెన్సు దగ్గర ఉంచుకోండి.

ముందు రోజు రాత్రి

డెన్వర్ విమానాశ్రయం నుంచి ఎస్టెస్ పార్కు ఊరికి 75 మైళ్లు, గంటన్నర నుంచి రెండు గంటలు. ఆ ఊరు 7,500 అడుగుల ఎత్తున ఉంది. ఒక రాత్రి అక్కడే పడుకోండి. ఒంటికి ఎత్తు అలవాటు చేసుకునే వ్యవధి ఇవ్వాలి, ఆ ఒక్క రాత్రితోనే చాలా తేడా తెలుస్తుంది. డాలస్ నుంచి రాత్రంతా కారు నడిపి, నిద్ర లేకుండా నేరుగా బేర్ లేక్ దగ్గర దిగి నడక మొదలుపెట్టేవాళ్లున్నారు. నాలుగైదు వందల అడుగుల ఎత్తున్న ఊరి నుంచి ఒక్క రోజులో పది వేలకు. నింఫ్ లేక్ దగ్గర బండ మీద తల పట్టుకుని కూర్చుని కనిపించేది సాధారణంగా వాళ్లే.

ఆ రాత్రి మద్యం వద్దు. భోజనం తేలిగ్గా కానివ్వండి. నీళ్లు మామూలుకన్నా లీటరు ఎక్కువ తాగండి, ఇక్కడి పొడి గాలిలో చెమట పట్టినట్టే తెలియదు కానీ నీరు మాత్రం పోతుంది. రక్తపోటు, గుండె, ఆస్తమా ఇబ్బందులున్నవాళ్లు, గర్భిణులు ప్రయాణానికి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. ఎత్తు వల్ల ఇబ్బంది రాకుండా వేసుకునే మాత్రలు కావాలన్నా డాక్టరు చీటీతోనే.

ఫోనులో పార్కు మ్యాపు దించి పెట్టుకోండి, అనుమతి కోడ్‌ను స్క్రీన్‌షాట్ తీసుకోండి. బేర్ లేక్ దగ్గర సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. గేటు దగ్గర ‘లోడ్ అవుతోంది’ అని ఫోను చూపిస్తూ నిలబడితే వెనక కార్లవాళ్లు మౌనంగా ఉన్నా వాళ్ల మనసులో మాట మీకు వినబడుతుంది.

సంచిలో ఏం పెట్టుకోవాలి

మనిషికి లీటరున్నర నీళ్లు, పిల్లలకు లీటరు. పైన వాగులో పారే నీళ్లు అద్దంలా కనిపించినా తాగకూడదు. అందులో ఉండే జియార్డియా అనే క్రిమి వారం తర్వాత కడుపును పట్టుకుంటుంది. కింద నుంచే నింపుకుని రండి.

బట్టలు ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉండాలి. పొద్దున్నే 5 డిగ్రీల సెల్సియస్ ఉన్న చోట పదింటికి టీషర్టు చాలనిపిస్తుంది. ఒంటికి అంటుకునే పొర నూలుది కాకుండా త్వరగా ఆరే బట్టదై ఉండాలి. నూలు బట్ట చెమటతో తడిస్తే ఆరదు, గాలి తగలగానే ఒళ్లు జివ్వుమంటుంది. జీన్స్‌కూ అదే దోషం. దాని మీద పలుచటి ఉన్ని పొర, అన్నిటికీ పైన వాన, గాలి ఆగే జాకెట్. ఆకాశం నిర్మలంగా ఉన్నా జాకెట్ మానొద్దు. చీరలోనే నడుస్తామనే అమ్మలకు అడ్డు చెప్పాల్సిన పని లేదు. కుచ్చిళ్లు చీలమండ పైకి ఎత్తి దోపుకుని, లోపల లెగ్గింగ్, కాళ్లకు మేజోళ్లు, బూట్లు వేసుకుంటే చాలు. చెప్పులు మాత్రం ఎవరికీ వద్దు. డ్రీమ్ లేక్ దాటాక బాట మీద రాళ్లు అరిగి నున్నగా ఉంటాయి, గులకమట్టి ఒకటి పైన. తిరుగు దారిలో జారేది అక్కడే.

టోపీ, చలవ కళ్లద్దాలు, సన్‌స్క్రీన్. ఎండ చల్లగా ఉందని మోసపోవద్దు. ఆ ఎత్తున గాలి పలచన, కిరణాలు నేరుగా దిగుతాయి. నీళ్ల మీదా మంచు మీదా పడి గడ్డం కిందికి కూడా తగులుతాయి.

తిండిలో పులిహోరకు మించింది లేదు. చల్లటి చోట గట్టిపడదు, చెంచాతో తినొచ్చు, ఉప్పూ పులుపూ నోటికి హితంగా ఉంటాయి. ఎత్తుకు ఆకలి మందగిస్తుంది, అందుకే నోరూరించేది పట్టుకెళ్లాలి. పల్లీ చిక్కీ, ఖర్జూరాలు, చపాతీల చుట్టలు కూడా బాగుంటాయి. దద్దోజనం తెచ్చేటట్టయితే మూత బిగువుగా ఉన్న డబ్బాలో నిండుగా పెట్టకండి. కింద మూసిన డబ్బాలోని గాలి పైన వ్యాకోచిస్తుంది. మూత ‘టప్’మని లేచి సంచంతా పెరుగవుతుంది. చిప్స్ ప్యాకెట్టు అయితే బూరెలా ఉబ్బి కనిపిస్తుంది. పిల్లలకు గాలి ఒత్తిడి పాఠం చెప్పడానికి అంతకన్నా మంచి బొమ్మ దొరకదు. తిరిగి కిందికి దిగాక ఖాళీ నీళ్ల సీసా తనంతట తాను నొక్కుకుపోయి ఉంటుంది, అది రెండో పాఠం.

చెత్త వేసుకోవడానికి ఒక ఖాళీ సంచి. నారింజ తొక్క, గింజలు కూడా అందులోకే. ఈ చలిలో తొక్క కుళ్లి మట్టిలో కలవడానికి చాలా కాలం పడుతుంది.

పొద్దున: కారు ఎక్కడ, బస్సు ఎక్కడ

ఎస్టెస్ పార్కు నుంచి 36వ నంబరు రోడ్డు మీద బీవర్ మెడోస్ గేటుకు వచ్చి, లోపలికి రాగానే ఎడమకు తిరిగితే బేర్ లేక్ రోడ్డు. చివరిదాకా పోతే బేర్ లేక్ పార్కింగ్. వేసవిలో ఈ పార్కింగ్ ఆరింటి ప్రాంతానికే నిండిపోతుంది. అనుమతి ఉన్నంత మాత్రాన పార్కింగ్ దొరుకుతుందన్న హామీ లేదు, దాన్నీ దీన్నీ కలిపి చూడొద్దు. అందుకే ఐదు లోపు గేటు దాటడం మేలన్నది. అనుమతి గొడవ ఉండదు, పార్కింగ్ దొరుకుతుంది, సూర్యోదయం వేళకు డ్రీమ్ లేక్ దగ్గర ఉంటారు, ఉరుముల వేళకు తిరిగి కారులో ఉంటారు. ఒక్క మేలుకొలుపుతో నాలుగు పనులు.

అంత పొద్దున్నే లేవలేమంటే, బేర్ లేక్ రోడ్డు మీదే సగం దారిలో పార్క్ అండ్ రైడ్ అనే పెద్ద పార్కింగ్ ఉంది. కారు అక్కడ పెట్టి ఉచిత షటిల్ బస్సెక్కండి, అది నేరుగా దారి మొదట్లో దింపుతుంది. ఎస్టెస్ పార్కు విజిటర్ సెంటర్ నుంచే బయల్దేరే హైకర్ షటిల్ కూడా ఒకటి ఉంది, దానికి విడిగా బుక్ చేసుకోవాలి. మరుగుదొడ్లు బేర్ లేక్ పార్కింగ్ దగ్గర ఉన్నాయి. ఆ పైన దారి పొడవునా ఇంకెక్కడా లేవు. పిల్లల్ని ‘ఇప్పుడు రావట్లేదు’ అన్నా తీసుకెళ్లండి.

నడక

దారి మొదట్లో రేంజర్ల గుడిసె దాటగానే కుడివైపు బేర్ లేక్ కనిపిస్తుంది. ఎమరాల్డ్ లేక్‌కు ఎడమ దారి, బోర్డు స్పష్టంగా ఉంటుంది. బేర్ లేక్ చుట్టూ తిరిగే దారి కిలోమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది, దాన్ని తిరిగొచ్చాకకు దాచుకోండి.

మొదటి పది నిమిషాలు కావాలని నెమ్మదిగా నడవండి. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగమే సరైన వేగం. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తుంటే తొందరపడుతున్నారన్నమాట. అంతా కలిసి పరుగు, అంతా కలిసి ఆయాసం, మళ్లీ పరుగు అనే పద్ధతి ఇక్కడ పనికిరాదు. గుంపులో అందరికన్నా నెమ్మదైన మనిషిని ముందు నడవనివ్వండి.

అర మైలుకు నింఫ్ లేక్ వస్తుంది, 9,700 అడుగులు. ఇరవై నుంచి ముప్పై నిమిషాలు. చిన్న చెరువే, కానీ జులై, ఆగస్టుల్లో నీళ్ల మీద గుండ్రటి ఆకులు పరుచుకుని మధ్య మధ్య పసుపు పూలు తలెత్తి ఉంటాయి. దూరం నుంచి మన ఊరి చెరువులో కలువల్లాగే ఉంటాయి. పేరు కూడా ఆ పూలదే. ఆ మొక్కకు ఒకప్పటి శాస్త్రీయ నామం నింఫియా పాలిసెపాలా, చెరువు పేరు దాన్నుంచే వచ్చింది. కుటుంబం కలువదే, జాతి వేరు. ఒడ్డున వంగి చూస్తే పువ్వు మన కలువలా విచ్చుకోదని తెలుస్తుంది. దళసరి పసుపు గిన్నెలా సగం ముడుచుకునే ఉంటుంది.

ఇక్కడ పది నిమిషాలు కూర్చుని అందరినీ గమనించండి. తలనొప్పి, వికారం, కారణం లేని చిరాకు, కళ్లు తిరగడం: వీటిలో ఏదైనా మొదలైతే నీళ్లు తాగి పావుగంట ఆగండి. తగ్గితే ముందుకు. తగ్గకపోతే, ఇంకా పెరిగితే, వెనక్కి. ఎత్తు పడని ఒంటికి కిందికి దిగడమే మందు. నడకలో తూలడం, మాట తడబడటం, కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం కనిపిస్తే ఆలోచించకుండా దింపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

నింఫ్ లేక్ చుట్టి పైకెక్కేటప్పుడు దారి నిటారవుతుంది. మొత్తం నడకలో ఊపిరి ఎక్కువ అడిగేది ఈ ముక్కే. ఆగినప్పుడల్లా వెనక్కి తిరిగి చూడండి. చెట్ల సందులో 14,259 అడుగుల లాంగ్స్ పీక్ కనిపిస్తుంది. ఎక్కేటప్పుడు వీపు వెనక ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని చూడకుండానే పోతారు.

డ్రీమ్ లేక్‌కు కాస్త ముందు దారి చీలుతుంది. ఎడమకు పోతే లేక్ హయాహా, కుడికి డ్రీమ్, ఎమరాల్డ్. హయాహాకు ఇక్కడి నుంచి ఇంకో మైలు. 2022 జూన్ 28న పైనున్న కేయాస్ కాన్యన్‌లో కొండచరియ విరిగిపడి, రాతి పొడి నీళ్లలో కలవడంతో ఆ సరస్సు రంగే మారిపోయి పాలలో ఆకుపచ్చ కలిపినట్టయింది. చివర్లో పెద్ద పెద్ద బండలెక్కి దాటాలి, చిన్నపిల్లలతో వద్దు. ఓపికుంటే ఎమరాల్డ్ చూసి తిరిగొచ్చేటప్పుడు తేల్చుకోండి, ముందుగా అటు పోతే రెండూ సగం సగం అవుతాయి.

డ్రీమ్ లేక్ దాదాపు 9,900 అడుగుల ఎత్తున, మొదలు నుంచి 1.1 మైలు దూరంలో. ఈ దారిలో ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే అని మా అభిప్రాయం. చివర ఉన్న ఎమరాల్డ్ పేరు పెద్దదైనా సరే. సరస్సు సన్నగా, పొడుగ్గా ఉంటుంది, ఆ చివర హాలెట్ పీక్ 12,713 అడుగులకు లేచి నిలబడుతుంది. నీళ్లు బయటికి పారే చోట, తూర్పు ఒడ్డున రాళ్ల మీద నిలబడితే శిఖరం ఎదురుగా ఉంటుంది. తెల్లవారుజామున మొదటి ఎండ శిఖరం కొస మీద పడి, చూస్తుండగానే ఎర్రటి గీత కిందికి జారుతుంది. మీరూ నీళ్లూ ఇంకా నీడలోనే ఉంటారు. గాలి లేవకముందే నీళ్లలో శిఖరం నీడ చక్కగా పడుతుంది. ఎండెక్కాక కొండ లోయలోంచి గాలి దిగి నీళ్లు చెదిరిపోతాయి. ఫొటో కోసం వచ్చేవాళ్లు పొద్దున్నే రావడానికి కారణం అదే. ఒడ్డు దగ్గర పారే నీళ్లలోకి కాసేపు కదలకుండా చూడండి, ట్రౌట్ చేపలు ప్రవాహానికి ఎదురుగా మూతి పెట్టి నిలబడి ఉంటాయి.

ఇక్కడి నుంచి బాట సరస్సు కుడి ఒడ్డు వెంబడి కొంత దూరం సమంగా సాగి, తర్వాత టిండల్ వాగు పక్కన రాతి మెట్ల మీద ఎక్కుతుంది. చిన్న చిన్న జలపాతాలు, తడి రాళ్లు. అరగంట నుంచి నలభై నిమిషాల్లో ఎమరాల్డ్ లేక్. మూడు వైపులా రాతిగోడలు, ఎడమన హాలెట్, కుడిన ఫ్లాట్‌టాప్, ఎదురుగా లోయ పైన టిండల్ హిమానీనదం. బాట ఇక్కడితో సరి. పైకి ఎక్కాలనిపిస్తుంది, ముఖ్యంగా కాలేజీ కుర్రాళ్లకు. పైన ఉన్నవి విడి రాళ్లు, బాట కాదు. నీళ్లలోకి దిగాలన్న సరదా కూడా వద్దు. మంచు కరిగి వచ్చిన నీరది, నిమిషంలో కాళ్లు మొద్దుబారతాయి.

పైన గాలి ఎప్పుడూ ఉంటుంది. చెమట పట్టిన ఒంటితో కూర్చోగానే చలి పట్టుకుంటుంది. ఆగిన వెంటనే, చలి వేయకముందే జాకెట్ వేసుకోండి.

పులిహోర విప్పగానే

మీకన్నా ముందే వాళ్లొచ్చి కూర్చుంటారు. వీపు మీద చారలున్న చిప్‌మంక్‌లు, వాటికన్నా కొంచెం లావుగా ఉండే నేల ఉడుతలు, బూడిద రంగు ఒంటికి నల్ల రెక్కలున్న క్లార్క్స్ నట్‌క్రాకర్ పక్షులు. మనుషుల భయం పోయిన జాతి. సంచి జిప్పు నాలుగు అంగుళాలు తెరిచి ఉంటే చిప్‌మంక్ తల దూర్చి లోపలికి పోతుంది, సంచి కదులుతుంటే మీరు గాలి అనుకుంటారు. వాటికి తిండి పెట్టడం నేరం, జరిమానా ఉంటుంది. రాముడికి సాయం చేసిన ఉడుత అని మన పిల్లలకు జాలి ఎక్కువ. కానీ మన ఉప్పూ నూనే తిన్న జీవి చలికాలానికి దాచుకోవాల్సిన గింజలు ఏరుకోవడం మానేస్తుంది. పైగా అవి కరుస్తాయి. జిప్పు మూసి, సంచి ఒళ్లో పెట్టుకుని తినండి. కింద పడిన మెతుకులు కూడా ఏరేయండి.

పెద్ద జంతువులకు లెక్కలున్నాయి. ఎల్క్‌కు, కొండగొర్రెకు కనీసం 75 అడుగుల దూరం, మూస్ అనే భారీ జింకకు, ఎలుగుబంటికి 120 అడుగులు. మూస్ నెమ్మదిగా ఆకులు నములుతుంటే గేదెలా సాధువనిపిస్తుంది. పిల్ల పక్కనుంటే తల్లి మూస్ అంత కోపిష్టి ఇంకొకటి లేదు. చెవులు వెనక్కి వాల్చిందంటే చెట్టు చాటుకు తప్పుకోండి. కుక్కల్ని ఈ బాట మీదకు అనుమతించరు, డ్రోన్ పార్కులో ఎక్కడా ఎగరేయకూడదు.

మబ్బు చూసి మధ్యాహ్నానికి దిగేయండి

జులై, ఆగస్టుల్లో పొద్దున్నే నీలంగా ఉన్న ఆకాశం పదకొండింటికి దూదిపింజల్లా మబ్బులు పెట్టి, ఒంటిగంటకు ఉరుములతో వడగళ్లు కురవడం ఇక్కడ మామూలు. లోయలో ఉన్నప్పుడు కొండ వెనక నుంచి వచ్చే మబ్బు నెత్తి మీదికి వచ్చేదాకా కనబడదు. అందుకే పన్నెండు లోపు చెట్ల మధ్యకు దిగిపోవాలని లెక్క పెట్టుకోండి. ఉరుము వినబడితే నీటి ఒడ్డు, బయలు బండలు వదిలి కిందికి కదలండి. ఒంటరి చెట్టు కింద, రాతి గుహ మూతి దగ్గర నిలబడొద్దు. ఒకే ఎత్తున్న చెట్ల గుంపు నయం. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్లీ పైకి.

నడవలేనివాళ్లు, చంటిపిల్లలు

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఎమరాల్డ్ దాకా లాక్కెళ్లే బదులు స్ప్రేగ్ లేక్‌కు తీసుకెళ్లండి. బేర్ లేక్ రోడ్డు మీదే, కిందగా ఉంటుంది. సరస్సు చుట్టూ కిలోమీటరుకు అటూ ఇటూగా చదునైన బాట, చక్రాల కుర్చీ కూడా పోతుంది, కూర్చోవడానికి బల్లలు, భోజనానికి పిక్నిక్ చోటు, ఎదురుగా అవే శిఖరాలు. గుంపును రెండుగా చేసి సగం మంది పైకి, సగం మంది ఇక్కడికి వెళ్లేటట్టయితే కలుసుకునే చోటూ వేళా ముందే చెప్పుకోండి, ఫోన్లు పని చేయవు. స్ట్రోలర్ బండి నింఫ్ లేక్ దారిలోనే పెనుగులాట అవుతుంది. చంటిపిల్లలకు వీపు మీద మోసే క్యారియర్ వాడండి. వీపు మీద ఉన్న బిడ్డకు నడక లేదు కాబట్టి మీకు చెమట పట్టినా బిడ్డకు చలే. ఎత్తు వల్ల తలనొప్పి వస్తే బిడ్డ చెప్పలేదు. ఆగకుండా ఏడవడం, పాలు వద్దనడం, మత్తుగా వాలిపోవడం చూస్తే దిగిపోండి.

చలికాలం

నవంబర్ నుంచి మే మధ్య దాకా ఇదే దారి తెల్లగా మారుతుంది, టైమ్డ్ ఎంట్రీ ఉండదు, జనం తగ్గుతారు. బూట్లకు తొడుక్కునే మైక్రోస్పైక్‌లు తప్పనిసరి. ఎస్టెస్ పార్కు దుకాణాల్లో అద్దెకిస్తారు. బాట తొక్కుడుకు గట్టిపడి ఉంటే అవి చాలు, కొత్తగా మంచు పడితే స్నోషూలు. రెండూ కావాలో ఏదో ఒకటి చాలో అద్దెకిచ్చే దుకాణంలో ఆ రోజు అడిగితే చెప్తారు. సరస్సులు గడ్డకట్టినా మీద నడవొద్దు. నీళ్లు లోపలికి వచ్చే చోట, బయటికి పోయే చోట పొర పలచగా ఉంటుంది, పైకి ఏమీ తెలియదు. ఎమరాల్డ్ చుట్టూ ఉన్న వాలుల మీద మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉంటుంది, కాబట్టి ఆ రోజు మంచు చరియల హెచ్చరిక చూసి, ప్రమాదం ఎక్కువగా ఉంటే డ్రీమ్ లేక్ దగ్గరే ఆగిపోండి.

షటిల్‌లో వచ్చినవాళ్లు పొద్దున దిగగానే స్టాపు దగ్గరి బోర్డు మీద చివరి బస్సు వేళ ఫొటో తీసుకోండి. సాయంత్రం అందరూ ఒకేసారి దిగుతారు, వరుస పొడుగ్గా ఉంటుంది, చివరి బస్సు కోసం కాకుండా దానికి ముందు రెండింటిలో ఒకదానికి నిలబడండి.